తూకపు సున్న ఏల కదలును?

చెన్నపట్టణమున తరమణియందలి స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రమువంటి చోట్ల ఉక్కు దూలములను భారమునకు గురిచేసి పరీక్షించునప్పుడు, దూలము ఎంత సాగెనో చెప్పునది దానికంటించిన తపాలాబిళ్లకన్న చిన్నదగు స్ట్రెయిన్ గేజి. 1938లో అమెరికాయందు సిమన్స్, రూజ్ అనువారు వేర్వేరుగా కనుగొనిన ఈ సాధనమున నాడు సన్నని తీగ, నేడు పలుచని రేకు. సాగినకొలది దాని విద్యున్నిరోధము పెరుగును. 350 ఓముల గేజి వేయింట నొకవంతు సాగినచో మారునది సుమారు 0.7 ఓము మాత్రమే. అంత స్వల్పమును కొలువబూనినప్పుడు, బరువు లేకయే అంకె మెల్లగా జరుగుటలో వింత యేమున్నది?

మొదటి కారణము ఉష్ణము. మీటరు పొడవు ఉక్కు డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు సాగును. అందుచే బరువు సోకని అదే లోహపు ముక్కపై మరియొక గేజి నంటించి, రెంటిని వీట్‌స్టన్ వంతెన యను నాలుగు భుజముల విద్యుద్వలయములో (ఈ వంతెనపై ఏ బండియు నడువదు!) ప్రక్కప్రక్క భుజములుగా కలిపినచో, ఎండ రెంటిని సమముగా తాకుటచే దాని ప్రభావము రద్దగును. కాటాలో బరువును కొలుచు లోడ్ సెల్లులో నాలుగు గేజులు, రెండు సాగుచు రెండు కుంచించుకొనుచు, ఈ పనియే చేయును.

కాని ఈ సముద్రతీరమున అసలు శత్రువు చెమ్మయే యని నా తలంపు. అది జిగురులో చొరబడినచో రేకునకును లోహమునకును నడుమ విద్యుద్బంధనము సడలి, సున్న నిలువదు. కావున లోహమును గరుకుకాగితముతో రుద్ది, ఎసిటోనుతో తుడిచి, వ్రేలు తగులనీయక గేజి నంటించి, పైన మైనమో సిలికోను పూతయో వేయవలెను. జిగురు సరిగా గట్టిపడనిచో భారము క్రింద అదియే నెమ్మదిగా జారును.

కాటా గలవారు మీట నొక్కినంతనే తూచక, అరగంట వేడెక్కనిచ్చి, ఖాళీగా సున్న చూచి, తెలిసిన బరువుతో సరిచూచుకొనుడు.