అవ్వ పాటకు ఏ ల్యాప్‌టాప్? అపోహలు – వాస్తవాలు

తమిళనాడులోని మా బోడినాయకనూరులో ల్యాప్‌టాప్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఏలకుల లెక్క. ఇడుక్కి కొండల్లో పండిన ఏలకులు బోడిమెట్టు ఘాట్ రోడ్డు దిగి మా ఊరికి వస్తాయి. స్పైసెస్ బోర్డు ఈ-వేలం ఇక్కడ జరుగుతుంది, కొండకు అవతల కేరళలోని పుట్టడిలోనూ జరుగుతుంది. వ్యాపారులు తెర ముందు కూర్చుని ధర నొక్కుతారు. సాయంత్రానికి ఆ లెక్కలన్నీ ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాలి. నా పగటి పని అదే.

రాత్రి పని వేరు. మాది మదురై నాయకుల కాలంనాటి పాళెయం, తర్వాత జమీను. ఆ రోజుల నుంచీ ఇక్కడే ఉన్న కంబళ నాయకర్ల ఇళ్ళలో, ఇంకా ఎన్నో కులాల ఇళ్ళలో ఇప్పటికీ మాట తెలుగే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా అవ్వలకు తెలుగు చదవడం రాదు. నేనూ లిపి పెద్దయ్యాకే నేర్చుకున్నాను. అందుకే వాళ్ళ పెళ్ళిపాటలు, నాట్ల పాటలు, చావు ఇంటి శోకాలు ఏ కాగితం మీదా లేవు, గొంతులోనే ఉన్నాయి. వాటిని రికార్డు చేసుకుంటున్నాను. పగటి లెక్కకూ రాత్రి పాటకూ నా దగ్గర ఉన్నది ఒకే ల్యాప్‌టాప్. ఏది కొనాలని నన్ను అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ నోట పదేపదే వినే మాటలు, వాటి వెనుక నిజాలు ఇవి.

అపోహ: ఐ7 అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు.

మా మేనల్లుడు కిందటేడు ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "మామా, ఐ7. షాపతను ఐ3 కన్నా రెండింతలు అన్నాడు" అన్నాడు మురిసిపోతూ. తిప్పి చూస్తే ఐ7-7500యూ. 2016లో వచ్చిన ప్రాసెసర్ అది, లోపల ఉన్నవి రెండే కోర్లు. 2022లో వచ్చిన ఐ3-1215యూలో ఆరు కోర్లు ఉంటాయి, పనిలో ఆ పాత ఐ7ను దాటిపోతుంది. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఆ ఏడాది సరుకులో ఎక్కువ తక్కువలు చెప్పే గుర్తులు మాత్రమే. ఏ తరందో తెలియకుండా ఆ అంకెకు విలువ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఏడో తరం ప్రాసెసర్ విండోస్ 11కు అర్హమైన వాటి జాబితాలో లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లెక్కలు, బ్యాంకు పనులు చేసే యంత్రానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడం చిన్న విషయం కాదు. పాతది కొంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ఉండాలి.

మా ఊళ్ళో ఏలకులు కొనేవాడు సంచి మీది రాత చూసి ధర చెప్పడు. గుప్పెట్లోకి తీసుకుని రంగు చూస్తాడు, ఒక కాయ చిదిపి గింజ చూస్తాడు, లీటరు బరువు అడుగుతాడు. ల్యాప్‌టాప్ దగ్గరా ఆ పట్టుదల చూపించండి. స్టిక్కర్ వదిలేసి పూర్తి మోడల్ నంబరు అడగండి.

అపోహ: ర్యామ్ ఎంత ఎక్కువుంటే రికార్డింగ్ అంత బాగుంటుంది.

ర్యామ్‌కూ గొంతు నాణ్యతకూ సంబంధం లేదు. ఒక గొంతు, ఒక డప్పు రికార్డు చేయడానికి 8 జీబీ సరిపోతుంది. కంప్యూటర్‌లోనే వీణ, వయొలిన్ లాంటి శాంపిల్ వాయిద్యాలు పేర్చి పాట కట్టేవాళ్ళకు 16 జీబీ, 32 జీబీ అవసరమవుతాయి. ట్యాలీ, బ్రౌజర్, రికార్డింగ్ మూడూ నడవాలి కనుక నేను 16 తీసుకున్నాను. పలచటి మోడళ్ళలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేం. కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

అపోహ: సంగీతానికి మ్యాక్ ఉండాలి, లేదంటే గేమింగ్ ల్యాప్‌టాప్ అయినా ఉండాలి.

మ్యాక్ మంచిదే. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు అసలు ఫ్యాన్ లేదు. పాడే మనిషి పక్కనే పెట్టినా చప్పుడు చేయదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. సంగీతం ఒక్కటే పనైతే నేనూ అదే చెబుతాను. కాని ట్యాలీ విండోస్ కోసం రాసినది, మ్యాక్‌లో నేరుగా నడవదు. లెక్కల పని చేసుకునేవాళ్ళకు ఈ ఒక్క కారణంతోనే మ్యాక్ బేరం చెడుతుంది. విండోస్‌లో రికార్డింగ్‌కు ఆడాసిటీ ఉచితం. రీపర్‌ను 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, సొంతానికి లైసెన్సు 60 డాలర్లు. నా పని మొత్తం ఈ రెండింటితోనే సాగుతోంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ సంగతి వేరు. దాని ధరలో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుది. రికార్డింగ్‌లో ఆ కార్డుకు దాదాపు పని ఉండదు. పైగా ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి, ఆ హోరు అవ్వ పాటలో కలిసిపోతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్లు, వైఫై డ్రైవర్లు ప్రాసెసర్‌ను మధ్యమధ్యలో ఆపడం వల్ల చిటపటలు కూడా వస్తాయి. ఎంత ఖరీదైన ప్రాసెసర్ అయినా ఆ చిటపటలను ఆపలేదు. లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పది నిమిషాలు నడిపితే దోషం ఏ డ్రైవర్‌దో తెలిసిపోతుంది. రికార్డు చేసేటప్పుడు వైఫై ఆపేయడం నాకు అలవాటైపోయింది.

ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మార్చనక్కర్లేదు. మైక్ కేబుల్ పొడుగుది కొనండి. మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ పది మీటర్లున్నా ధ్వని చెడదు. ల్యాప్‌టాప్‌ను పక్క గదిలో పెట్టి తలుపు చేరవేస్తే సరి.

అపోహ: ల్యాప్‌టాప్‌లోనే మైక్ ఉంది కదా, అది చాలు.

ఈ మాట నమ్మే నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. మా ఊరేగింపుల్లో ఉరుమి అనే డప్పు వాయిస్తారు. దాని ఒక ముఖాన్ని వంపు తిరిగిన పుల్లతో రాస్తూ పోతే లోతైన మూలుగు ఎడతెగకుండా సాగుతుంది. ఆ మూలుగే దాని ప్రాణం. ల్యాప్‌టాప్ మైక్‌తో దాన్ని రికార్డు చేసి ఇంటికి వచ్చి వింటే దెబ్బలు మాత్రమే మిగిలాయి, మూలుగు మాయమైంది. మొదట వాయించినవాడిదే లోపం అనుకున్నాను, తప్పు నాది.

ల్యాప్‌టాప్ మైకులు వీడియో కాల్స్ కోసం పెట్టినవి. మనిషి మాట తప్ప విడవకుండా సాగే శబ్దం ఏదైనా ఫ్యాన్ మోతే అనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని అణిచేస్తుంది. గొంతు పెరిగితే తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. అవ్వ ఒక చరణం గట్టిగా ఎత్తుకుని తర్వాతి చరణం మెల్లగా దించితే, వినేటప్పటికి రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. సౌండ్ సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనే చోట ఇవన్నీ ఆపవచ్చు, కొంత మేలు జరుగుతుంది. అసలు మందు మాత్రం ఒక మైక్, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. డబ్బు పరిమితంగా ఉంటే ల్యాప్‌టాప్‌లో ఒక మెట్టు తగ్గి, మిగిలినది ఈ రెండింటి మీద పెట్టమని గట్టిగా చెబుతాను. ల్యాప్‌టాప్ మారినా అవి మీతోనే ఉంటాయి.

హెడ్‌ఫోన్ కూడా ఉండాలి. ఉరుమి మూలుగు రికార్డయినా ల్యాప్‌టాప్ చిన్న స్పీకర్లలో అంత కింది స్వరం పలకదు. రికార్డు కాలేదని పొరబడి మళ్ళీ వాయించమని అడుగుతాం. ముసలాయన చేతులు నొప్పెడతాయి.

హెడ్‌ఫోన్‌లో తమ గొంతు కాస్త ఆలస్యంగా వినపడి తాళం తప్పుతోందని కొందరు ల్యాప్‌టాప్‌నే మార్చేస్తారు. ముందు మార్చాల్సింది బఫర్ సెట్టింగు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 512 శాంపిళ్ళుంటే ఒక వైపుకే దాదాపు 11 మిల్లీసెకన్లు పడుతుంది, 128కి దించితే 3 లోపే. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే అది నొక్కండి. గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళకుండానే చెవికి చేరుతుంది.

అపోహ: గుంయ్‌మనే మోత వస్తోందంటే ల్యాప్‌టాప్ చెడిపోయినట్టే.

ఒక రాత్రి ఎనభై దాటిన అవ్వ నలుగు పాట ఎత్తుకుంది. ముందు రోజే జ్వరం తగ్గిన మనిషి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పాట కింద సన్నగా, ఆగకుండా తేనెపట్టు దగ్గర వినిపించేలాంటి గుంయ్. కేబుల్ మార్చాను. మైక్ మార్చాను. పోలేదు. చేయి ల్యాప్‌టాప్ అంచుకు తగిలితే సన్నగా జిల్లుమంది. అప్పుడు అర్థమై చార్జర్ లాగేశాను. మోత పోయింది. చెవిలో అవ్వ ఊపిరి, గోడ మీద బల్లి చప్పుడు మాత్రమే మిగిలాయి. చార్జర్ మూడు పిన్నులదే, ఆ ఇంటి ప్లగ్గుకే ఎర్త్ లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌లో నడుస్తుంది. ఎర్త్ సరిగా లేని చోట ఆ 50, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ మోత రికార్డింగ్‌లోకి చొరబడతాయి. ఇన్వర్టర్ మీద నడిపినా కొన్నిసార్లు ఇదే బెడద.

అందుకే నేను ల్యాప్‌టాప్‌లో ముందు చూసేది బ్యాటరీ. చార్జర్ లేకుండా మూడు గంటలు నిలబడితే ఒక ఇంట్లో పాటలన్నీ పట్టుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ కూడా యూఎస్‌బీ కరెంటుతోనే నడిచేది తీసుకుంటే కరెంటు పోయినా పాట ఆగదు. బ్యాటరీని ప్రతిసారీ సున్నా దాకా దించి మళ్ళీ నింపాలన్న మాట లిథియం బ్యాటరీలకు వర్తించదు, అలా చేస్తే నష్టమే. పగలంతా చార్జర్‌కు తగిలించి ఉంచేవాళ్ళు చార్జింగ్ పరిమితిని 80 శాతానికి పెట్టుకుంటే అది ఎక్కువ కాలం వస్తుంది. అన్నిటికన్నా వేడి దానికి పెద్ద శత్రువు. గోదాములో పనిచేసే యంత్రమైతే ఏలకుల పొడి ఫ్యాన్ జాలీలకు పట్టకుండా అప్పుడప్పుడు శుభ్రం చేయించండి.

అపోహ: 192 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తేనే నాణ్యత.

మనిషి చెవి వినగలిగేది 20 కిలోహెర్ట్జ్ దాకానే. 48 కిలోహెర్ట్జ్‌లో అదంతా పడుతుంది. బిట్ల సంఖ్య మాత్రం 24 పెట్టండి. డప్పు ఒక్కసారిగా ఉరిమినా ధ్వని పగలకుండా గెయిన్ తగ్గించి ఉంచుకునే వీలు దొరుకుతుంది. ఈ లెక్కన రెండు చానళ్ళకు గంటకు రమారమి 1 జీబీ. 512 జీబీ డిస్కు మనలాంటివాళ్ళకు ధారాళంగా సరిపోతుంది.

అపోహ: సైనిక ప్రమాణాల ముద్ర ఉంటే చెడిపోదు.

మిల్-ఎస్‌టీడీ-810 అన్నది అమెరికా సైన్యం రాసుకున్న పరీక్షా పద్ధతుల పుస్తకం. సైన్యం ఏ ల్యాప్‌టాప్‌నూ పరీక్షించి ఆ ముద్ర వేయదు. ఆ పద్ధతుల్లో కొన్నిటిని ఎంచుకుని కంపెనీలే పరీక్ష చేయించుకుంటాయి. మన ఊళ్ళకు నమ్మకం అంటే సర్వీసు. మాకు తేని దగ్గరే, మదురై దూరం. ఇంటికే వచ్చి బాగుచేసే వారంటీ మన పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో డబ్బు కట్టేముందు అడగండి. ఆఫీసుల కోసం తయారైన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ వరుసలకు విడిభాగాలు దొరకడం తేలిక, విప్పి బాగుచేయడమూ తేలిక. వాటిలో మూడు నాలుగేళ్ళ పాతది, తరం చూసుకుని కొంటే, కొత్త చవక ల్యాప్‌టాప్ కన్నా మేలన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు కనుక అందులో పెట్టింది పోదు.

ఎస్‌ఎస్‌డీ వేగం, నిశ్శబ్దం, కింద పడితే తట్టుకునే బలం అన్నీ నిజమే. కాని అది పోయేటప్పుడు ఏ హెచ్చరికా లేకుండా పోవచ్చు. పాత హార్డ్‌డిస్కు టకటకమని ముందే చెబుతుంటుంది, ఇది అది కూడా చెప్పకపోవచ్చు. ఏలకుల లెక్క పోతే బిల్లులు ముందేసుకుని మళ్ళీ రాసుకోవచ్చు. ఆ నలుగు పాట పాడిన అవ్వ ఇప్పుడు లేదు. ఆ రికార్డింగ్ నా దగ్గర మూడు చోట్ల ఉంది: ల్యాప్‌టాప్‌లో, బీరువాలోని హార్డ్‌డిస్కులో, ఆన్‌లైన్‌లో. ఫైలు పేరులో తేదీ, ఊరు, ఏ వేడుక పాటో రాస్తాను. వాట్సాప్‌లో చుట్టాలకు పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపుతాను, వాయిస్ మెసేజ్‌గా అయితే నాణ్యత పోతుంది.

అపోహ: మంచి ల్యాప్‌టాప్ కొన్నాకే రికార్డింగ్ మొదలుపెట్టాలి.

తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు మా వైపు చాలా ఇళ్ళలో అటక మీద ఉన్నాయి. ఆన్ అయ్యేది ఒకటి ఉంటే, నెట్ తీసేసి ఆడాసిటీ పాత వెర్షన్ వేసి, ఇంటర్‌ఫేస్ తగిలించి చూడండి. గొంతు పట్టడానికి అదే చాలవచ్చు. అదీ లేకపోతే ఫోను ఉంది. అవ్వకు ఒక మూర దూరంలో, ఫ్యాన్ ఆపేసి, మెత్తని దుప్పటి మీద పెట్టండి.

మీ ఇంట్లో ఇలాంటి పాట తెలిసిన పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే వాళ్ళ దగ్గర కూర్చోండి. రాత్రికల్లా ఆ ఫైలు ఇంకో రెండు చోట్లకు ఎక్కించండి. ల్యాప్‌టాప్ వచ్చే నెల కొనుక్కుందురుగాని.