దీపం ఆరేలోగా తిరిగి రావాలి

అండమాన్ దీవుల్లో చదువుకునే విద్యార్థులు చాలామంది బారాటాంగ్ సున్నపురాయి గుహను చూసే ఉంటారు. శ్రీ విజయ పురం (2024 సెప్టెంబరుకు ముందు దీని పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్లు వెళ్ళాలి. నీలాంబర్ జెట్టీలో పడవ ఎక్కి, మడ అడవుల మధ్య సన్నని పాయలో అరగంట ప్రయాణం చేసి, ఆపైన కిలోమీటరున్నర నడిస్తే గుహ వస్తుంది. లోపలికి కొంత దూరం పోయేసరికి పగటి వెలుతురు వెనకబడిపోతుంది. గైడు టార్చి వెలిగిస్తాడు. అప్పుడు ఎవరి మనసులోనైనా మూడు ప్రశ్నలు మెదులుతాయి. ఈ టార్చి ఎంతసేపు వెలుగుతుంది? వెనక్కి దారి ఎటు? ఇంకొంచెం లోపల ఏముంది?

ఈ మూడు ప్రశ్నలనే ముడిసరుకుగా తీసుకుని తయారుచేసిన కంప్యూటర్ ఆట ఒకటి ఉంది. దాని పేరు స్టీమ్‌వరల్డ్ డిగ్ 2. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ నగరానికి చెందిన ఇమేజ్ అండ్ ఫార్మ్ అనే చిన్న సంస్థ దీన్ని 2017 సెప్టెంబరులో విడుదల చేసింది. పెద్ద కంపెనీల అండ లేకుండా కొద్దిమంది కలిసి సొంతంగా చేసే ఇలాంటి ఆటలను ఇండీ ఆటలు అంటారు. 2013లో వచ్చిన మొదటి భాగానికి ఇది కొనసాగింపు.

దీవుల్లో ఇలాంటి ఆటను దింపుకోవడం అప్పట్లో తేలిక కాదు. ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహం మీద ఆధారపడి ఉండేది; ఉన్న కొద్దిపాటి సామర్థ్యాన్నే ఆసుపత్రులూ, ఆఫీసులూ, ఇళ్ళూ పంచుకోవాలి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది. అయితే ఈ ఆటకు కేబుల్‌తో పని ఒక్కసారే. దింపుకున్న తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు.

రెండు భాగాలూ ఆడినవాళ్ళు రెండో దాని గురించి చెప్పే మాటల్లో మెప్పు ఎక్కువ, ఫిర్యాదు కొంత ఉంది. ఆ మెప్పుకీ, ఫిర్యాదుకీ కారణం చాలావరకు ఒకటే కావడం విశేషం. ఆ కారణం ఏమిటో చూద్దాం.

ఆట తీరు

ప్లాట్‌ఫామ్ ఆట అంటే పక్కనుంచి చూస్తున్నట్లు కనిపించే తెరమీద గట్టు నుంచి గట్టుకు దూకుతూ పోయే ఆట. ఇందులో ఆ గట్లను చాలావరకు మనమే తవ్వి తయారుచేసుకోవాలి. నేలంతా చదరపు గడులుగా ఉంటుంది. కథానాయిక డొరొతీ ఆవిరితో నడిచే మరమనిషి. మొదటి భాగంలో నాయకుడైన రస్టీ కనబడకుండా పోవడంతో అతన్ని వెతుక్కుంటూ ఎల్ మాచినో అనే గనుల ఊరికి వస్తుంది.

గుద్దలితో ఒక్కో గడినీ పగలగొడుతూ కిందికి దిగాలి. దారిలో ఖనిజాలు, రత్నాలు దొరుకుతాయి. సంచిలో పట్టేది కొంతే. దీపంలో వెలుగు అంతకంతకూ తగ్గుతుంటుంది. సంచి నిండినా, దీపం మందగించినా పైకి రావాలి. సరుకు అమ్మి, ఆ డబ్బుతో గుద్దలి పదునూ, దీపం సామర్థ్యమూ, సంచి సైజూ పెంచుకుని మళ్ళీ దిగాలి. లోతుకు పోయేకొద్దీ నేల గట్టిపడుతుంది, దొరికే సరుకు విలువా పెరుగుతుంది. లోపల దెబ్బతిని పడిపోతే మోస్తున్న సరుకులో కొంత పోతుంది.

చెబితే కూలిపనిలా ఉంది కదా! అయినా "ఇంకొక్కసారి దిగి వస్తా" అంటూ రాత్రి పొద్దుపోయేదాకా ఆడేవాళ్ళు ఉన్నారంటే, అందుకు ఒక చిన్న నియమం కారణం. తవ్విన గడి మళ్ళీ పూడదు. ఎక్కడ తొందరపడి నిటారుగా దిగారో, ఎక్కడ మెరుపు చూసి ఆశపడి పక్కకు తిరిగారో, అదంతా సొరంగంగా నిలిచిపోతుంది. గోడలకు కాలు తన్ని ఎగబాకుతూ ఆ దారినే పైకి రావాలి. అంటే మీరు తవ్వినదే మీ పటం. (తలమీద మట్టి కూలకపోవడం మాత్రం ఆటలోనే సాధ్యం. సింగరేణి భూగర్భ గనుల్లో కప్పుకు ఆధారం పెట్టకుండా ముందుకు పోనివ్వరు.)

ఆడినవాళ్ళకు నచ్చినది

రెండో భాగంలో ముందుగా అందరినీ ఆకట్టుకున్నది కదలిక. కొక్కెం తాడు విసిరి ఎదుటి గోడను పట్టుకుని ఎగిరిపోవచ్చు. తర్వాత వీపుకు కట్టుకునే ఆవిరి యంత్రం కూడా వస్తుంది. ఊరికి త్వరగా చేర్చే గాలి గొట్టాలున్నాయి. పక్క గుహల్లో దాచి ఉంచిన పళ్ళ చక్రాలను తెచ్చి పనిముట్లకు బిగిస్తే వాటికి కొత్త గుణాలు వస్తాయి. నచ్చకపోతే విప్పి ఇంకోదానికి బిగించవచ్చు. ఖర్చు లేకుండా ప్రయోగం చేసి చూసే ఈ వీలును చాలామంది మెచ్చుకున్నారు.

అసలు మార్పు మాత్రం కంటికి కనబడదు. మొదటి భాగంలో గని కొంతవరకు యాదృచ్ఛికంగా తయారయ్యేది. కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ గని అమరిక మారేది. రెండో భాగంలో గని మొత్తాన్నీ రూపకర్తలు చేత్తో గీసి పెట్టారు. దీనివల్ల ఏమవుతుందో తెలియాలంటే కంప్యూటర్ యాదృచ్ఛికతను ఎలా పుట్టిస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

కాగితం మీద ఒక గని

కంప్యూటర్‌కు చీటీలు తీయడం రాదు. లెక్క చేయడమే వచ్చు. అందుకని చూడటానికి క్రమం లేనట్లు కనిపించే సంఖ్యలను లెక్క ద్వారానే పుట్టిస్తారు. పెన్సిలు తీసుకుని మీరూ చేయవచ్చు. 7తో మొదలుపెట్టండి. దాన్ని 5తో గుణించి 3 కలిపితే 38. 16తో భాగిస్తే శేషం 6. ఆ 6తో మళ్ళీ అదే పని చేస్తే 33, శేషం 1. ఇలా పోతే 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4 అనే వరుస వచ్చి మళ్ళీ 7 దగ్గరికి చేరుతుంది. 0 నుంచి 15 దాకా ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారే వచ్చింది. క్రమం మాత్రం చూసి ఊహించేలా లేదు. నిజమైన ఆటల్లో 16కు బదులు చాలా పెద్ద సంఖ్యలు, ఇంతకన్నా జటిలమైన సూత్రాలు వాడతారు.

ఇప్పుడు ఈ వరుసను గనిగా మార్చుదాం. సంఖ్య 4 కంటే తక్కువైతే ఆ గడిలో బంగారం, లేకపోతే మట్టి. 16 గడుల్లో 4 బంగారు గడులు. నాలుగింట ఒకటి, న్యాయంగానే ఉంది. తవ్వి చూడండి. మొదట రెండు మట్టి, ఒక బంగారం, ఆ తర్వాత వరుసగా ఎనిమిది మట్టి, అప్పుడు మూడు బంగారాలు ఒకేచోట, చివర రెండు మట్టి. (5కు బదులు 4తో గుణిస్తే ఇంకా ఘోరం. 7 తర్వాత 15 వస్తుంది, ఆ తర్వాత ఎప్పటికీ 15 మాత్రమే వస్తుంది. గని అంతా మట్టే!)

సగటు సరిగా ఉన్నా యాదృచ్ఛికతలో కరువూ, కుప్పలూ తప్పవు. ఎనిమిదో మట్టి గడి కొట్టేసరికి దీపం ఆరిందనుకోండి. ఆటగాడు తన తొందరపాటును నిందించుకోడు, ఆటను నిందిస్తాడు. చేత్తో గీసిన గనిలో ఈ బాధ ఉండదు. దీపం ఎంత లోతు దాకా వస్తుందో, ఆపాటికి సంచి ఎంత నిండుతుందో రూపకర్తకు ముందే తెలుసు. సరిగ్గా మీరు వెనక్కి తిరుగుదామనుకునే చోట ఒక రత్నాన్ని కాస్త పక్కగా మెరిపించగలడు. కొక్కెం తాడుతో తప్ప దాటలేని గుహను, ఆ తాడు దొరికాకే మీ కంటపడేలా పెట్టగలడు. ఆట ఎక్కడా విసుగు పుట్టించలేదని ఆడినవాళ్ళు చెప్పడం వెనక ఉన్నది ఈ కొలతే.

ఫిర్యాదులూ ఇక్కడి నుంచే పుట్టాయి. ఒకసారి పూర్తయ్యాక రెండోసారి దిగితే అదే గని, అదే రత్నం. అది కొందరికి నిరాశ. మరికొందరు, దీపాన్ని రెండు మూడుసార్లు మెరుగుపరిచాక చీకటి భయమే లేకుండా పోయిందన్నారు. నా మటుకు ఈ రెండో ఫిర్యాదే బలమైనది. ఇలాంటి ఆటకు దీపం గుండెకాయ. అది నీరసిస్తే మిగిలేది గంతులే.

రెండింటికీ మధ్యే మార్గం ఒకటుంది. డెరెక్ యూ 2008లో తయారుచేసిన స్పెలుంకీ అనే గుహల ఆట ప్రతిసారీ కొత్త గుహను పుట్టిస్తుంది. కానీ పూర్తిగా గుడ్డిగా కాదు. ముందు పైనుంచి కిందికి తప్పకుండా ఒక దారి ఉండేలా గదులను అమర్చి, మిగతా చోటును తర్వాత నింపుతుంది. 2020లో వచ్చిన దాని రెండో భాగంలోనూ ప్రతిసారీ గుహ మారుతూనే ఉంటుంది.

బారాటాంగ్ గుహ మాటేమిటి? దాన్ని గీసినవారు లేరు, అది కేవలం యాదృచ్ఛికమూ కాదు. వాన నీరు గాలిలోంచీ, మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. రాతిలో ముందే ఉన్న పగుళ్ళ వెంట దిగుతూ సున్నపురాయిని కరిగిస్తుంది. అదే నీరు గుహ కప్పు నుంచి బొట్లుబొట్లుగా జారేటప్పుడు కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోయి, కరిగిన సున్నం మళ్ళీ గట్టిపడుతుంది. మర్రి ఊడల్లా వేలాడే స్టాలక్టైట్‌లు అలా ఏర్పడినవే. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే అది మామూలు వేగం. జానెడు ఊడ వెనక దాదాపు రెండు వేల ఏళ్ళున్నాయన్నమాట. ఒక్కటి విరిస్తే ఆటలోలా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడానికి వీల్లేదు.

దీపం ఎక్కడిది?

ఆటలో దీపం తరిగిపోవాలనే ఆలోచనకు నిజమైన గుహలతో సంబంధం ఉంది. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు తీరిక వేళల్లో గుహలను కొలిచి పటాలు గీసేవాడు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తాను చూసిన చోట్లనే ఆధారం చేసుకుని 1970ల మధ్యలో అక్షరాలతో మాత్రమే నడిచే ఒక ఆట రాశాడు. అది కొలోసల్ కేవ్ అడ్వెంచర్ పేరుతో ప్రసిద్ధి చెందింది. అందులో దీపం లేకుండా చీకట్లో నడిస్తే గోతిలో పడతారు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి రాసినప్పుడు దీపం బ్యాటరీకీ ఒక హద్దు పెట్టాడు. నాలుగు దశాబ్దాల తర్వాత డొరొతీ చేతిలో మందగించే దీపం ఆ వంశంలోదే.

దీపం అక్కర్లేని గని కూలీలు

అండమాన్‌లోనే, ఉత్తరాన చాలీస్-ఏక్ అనే చోట గుహల్లో దీపం లేకుండా రాకపోకలు సాగించే పక్షి ఉంది. దాని పేరు ఎడిబుల్-నెస్ట్ స్విఫ్ట్‌లెట్. పిచ్చుక కన్నా తేలికైనది. చీకట్లో ఎగురుతూ టిక్ టిక్ మని శబ్దం చేసి, గోడకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటుంది. గబ్బిలాలదీ ఇదే పద్ధతి. కాకపోతే వాటి శబ్దాలు చాలావరకు మన చెవికి అందవు. ఈ పక్షివి వినబడతాయి. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే, 3.4 మీటర్ల దూరంలో ఉన్న గోడ నుంచి ప్రతిధ్వని రావడానికి సెకనులో 50వ వంతు చాలు.

ఈ పక్షి గూడును తన లాలాజలంతోనే కడుతుంది. చైనా వంటకాల్లో ఆ గూళ్ళతో చేసే సూప్‌కు ఎంతో గిరాకీ ఉంది. దాంతో గూళ్ళు ఖనిజంలా మారాయి. గుహలోకి దిగడం, గూళ్ళు ఒలవడం, సంచి నింపుకుని రావడం, అమ్మి మళ్ళీ దిగడం. అచ్చంగా ఆటలోని చక్రమే. తేడా ఒక్కటే. ఎంత తవ్వినా చివరిదాకా సరుకు సరిపోయేలా ఇక్కడ ఎవరూ లెక్కగట్టి పెట్టలేదు. గూడు పోతే పక్షి మళ్ళీ కడుతుంది. అదీ పోతే గుడ్లు పెట్టే అదను దాటిపోతుంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. 100 పక్షులున్న గుహలో ఏటా నూటికి 15 చొప్పున చనిపోతూ, కొత్త పిల్ల ఒక్కటీ చేరకపోతే పదేళ్ళకు మిగిలేవి 20.

కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ 1990లలో ఈ దీవుల గుహల్లో తిరిగి పక్షులను లెక్కించారు. పదేళ్ళలో వాటి సంఖ్య 80 శాతానికి పైగా పడిపోయిందని తేల్చారు. ఆ తర్వాత ఆ కేంద్రమూ, అటవీ శాఖా కలిసి చాలీస్-ఏక్‌లో రక్షణ మొదలుపెట్టాయి. కావలికి పెట్టినవారిలో ఒకప్పుడు గూళ్ళు ఒలిచినవాళ్ళే ఉన్నారు. ఏ గుహలో ఏ గోడన గూళ్ళుంటాయో, చీకట్లో ఏ బండ పట్టుకుని ఎక్కాలో వాళ్ళకే తెలుసు మరి. పిల్లలు ఎగిరిపోయేదాకా గూటి జోలికి ఎవరినీ పోనివ్వకుండా చూడటం వాళ్ళ పని. అలా కాపలా ఉన్న గుహల్లో పక్షుల సంఖ్య మళ్ళీ పెరగడం మొదలైంది.