రోడ్డు ఎవరి జాగీరు?

వెనక హారన్‌.. ముందు సైకిల్‌. ఒకరికి తొందర, ఇంకొకరికి జరగడానికి జాగా లేదు. నల్గొండ, పాలమూరు రోడ్ల మీద రోజూ పుట్టే ఈ తగాదాకు కారణం మనుషుల కోపమేనా? లేక రోడ్డే తగాదా పెడుతోందా?

'ఏయ్‌.. రోడ్డేమన్న నీ అయ్య జాగీరా?'

కారు అద్దం దించి డ్రైవర్‌ అరుస్తాడు. సైకిల్‌ మీది పెద్దమనిషి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది. 'మరి నీ అయ్యదా కొడకా? ఇంకెంత పక్కకు జరగాలె.. మోరీల పడాల్నా?'

ఇక మొదలు. ఇటు నాలుగు మాటలు, అటు నాలుగు మాటలు. వెనకాల ఇంకో నాలుగు బండ్లు, వాటి హారన్లు. పక్కనే చాయ్‌ తాగుతున్నవాళ్లు లేచి వస్తారు. చాలాసార్లు 'పోనియ్యన్నా' అన్న మాటతో ముగిసిపోతుంది. కొన్నిసార్లు కాలర్ల దాకా వెళ్తుంది. ఇంకొన్నిసార్లు మాటలే ఉండవు. సైకిల్‌ను రాసుకుంటూ దూసుకుపోయిన బండి, మట్టిలో పడిన మనిషి.. అంతే!

ఇటు చౌటుప్పల్‌, చిట్యాల, నకిరేకల్‌, సూర్యాపేట. అటు బాలానగర్‌, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు. జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఏ ఊరికి వెళ్లినా ఈ దృశ్యం కొత్తేం కాదు.

'జాగీరు' అన్న మాట మన నోళ్లలో ఊరికే నిలిచిపోలేదు. నిజాం రాజ్యంలో ఊళ్లకు ఊళ్లు జాగీర్దార్ల చేతిలో ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మాట మాత్రం మిగిలింది. ఇప్పుడది రోడ్డెక్కింది. పెద్ద బండి ఉన్నవాడిదే దారి అన్న లెక్క నడుస్తోంది మరి!

సీటు మారితే చూపు మారుతుంది

ముందు కారులో కూర్చుని చూద్దాం. డివైడర్‌ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. సైకిల్‌ వెళ్లేది మూడు నాలుగు మీటర్లే. కారులో ఉన్నవాడికి సైకిల్‌ కదులుతున్నట్టే అనిపించదు. 200 మీటర్ల దూరంలో కనపడిన సైకిల్‌ను ఎనిమిది సెకన్లలో చేరిపోతాడు. అదే రాత్రి పూట డిమ్‌ లైట్ల వెలుగు పడేది ఏ 50 మీటర్లో. లైటు లేని సైకిల్‌, ముదురు రంగు బట్టలు.. చూసి బ్రేకు తొక్కడానికి రెండు సెకన్లే. గుండె గుభేల్‌మంటుంది. ఆ భయమే మరుక్షణం తిట్టుగా మారి బయటికొస్తుంది. తప్పించుకున్నాక వచ్చే కోపంలో సగం భయమే.

ఇప్పుడు సైకిల్‌ ఎక్కుదాం. హ్యాండిల్‌కు అటూ ఇటూ పాల క్యాన్లు, వెనక క్యారియర్‌ మీద దాణా మూట. లారీ పక్క నుంచి వెళ్తే ఆ గాలికే సైకిల్‌ ఊగిపోతుంది. ఎడమ వైపు తారు అంచు జానెడు కిందికి దిగి ఉంటుంది. దాని పక్కన కంకర, పగిలిన సీసా పెంకులు, తుమ్మముళ్లు. హారన్‌ కొట్టినవాడు 'పక్కకు జరుగు' అంటున్నాడు. కారుకైతే పక్కకు జరగడమంటే స్టీరింగ్‌ కాస్త తిప్పడం. బరువుతో ఉన్న సైకిల్‌కు అదే పని పడిపోవడంతో సమానం. అందుకే అతను జరగడు. మొండితనం అనుకుంటాడు డ్రైవర్‌. ప్రాణభయం అని తెలిసేది సైకిల్‌ మీదివాడికే.

అంటే ఇద్దరూ భయపడుతున్నారు, ఇద్దరూ అరుస్తున్నారు. తేడా ఒక్కటే.. తగిలితే ఒకరి కారుకు గీత పడుతుంది, ఇంకొకరి ప్రాణం పోతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిల్‌ మీద వెళ్తున్నవాళ్లు 4,800 మందికి పైనే.

రోడ్డే పెట్టిన తగాదా

హైదరాబాద్‌-విజయవాడ రోడ్డును ఇప్పటికీ చాలామంది 'తొమ్మిదో నంబరు హైవే' అనే పిలుస్తారు. కొత్త లెక్కలో అది 65. అలాగే పాలమూరు మీదుగా కర్నూలు వెళ్లే ఏడో నంబరు రోడ్డు 44 అయింది. 2012లో విజయవాడ దారి నాలుగు వరసలుగా సిద్ధమై టోల్‌ వసూళ్లు మొదలయ్యాయి. పట్నం దగ్గరైంది. ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదానికి డివైడర్‌ అడ్డుపడింది. అదంతా మేలే.

కానీ ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క ఉన్నవాళ్ల సంగతి? ఒకప్పుడు పది అడుగుల్లో దాటిన రోడ్డుకు నడుమ ఇప్పుడు డివైడర్‌ ఉంది. పద్ధతిగా వెళ్లాలంటే యూటర్న్‌ దాకా ముందుకు తొక్కి, మళ్లీ వెనక్కి తొక్కుకుంటూ రావాలి. కారుకు అది నిమిషం పని. పొద్దంతా పొలంలో వంగి పనిచేసిన మనిషికి రెండు కిలోమీటర్ల ఎదురుగాలి. అందుకే సైకిల్‌ రాంగ్‌రూట్‌లో వస్తుంది. ఎదురుగా వచ్చే డ్రైవర్‌కు మండిపోతుంది. చట్టం ప్రకారం అతని కోపం న్యాయమే. అయితే సైకిల్‌వాడిని రాంగ్‌రూట్‌ పట్టించింది అతని కొవ్వు కాదు, రోడ్డు గీసిన తీరు.

ఈ సంగతి అధికారులకూ తెలియంది కాదు. విజయవాడ దారిలో తరచూ ప్రమాదాలు జరిగే 17 బ్లాక్‌స్పాట్లను గుర్తించి అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్ల పనులు చేపట్టారు. చౌటుప్పల్‌, పెద్దకాపర్తి, చిట్యాల ఆ జాబితాలోవే. అండర్‌పాస్‌ వచ్చినచోట సైకిల్‌కూ కారుకూ ఎదురుపడే అవసరమే ఉండదు. ఎదురుపడనివాళ్లు ఎలా తిట్టుకుంటారు?

హైవే దిగి లోపలి రోడ్ల మీదికి వెళ్తే ఇంకో చిక్కు. కోతల కాలంలో నల్గొండ జిల్లా రోడ్ల మీద సగం దాకా వడ్ల రాశులు ఆరుతుంటాయి. కల్లాలు చాలని రైతుకు తారురోడ్డే కల్లం. వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు తప్పించుకోవడానికి సైకిల్‌ రోడ్డు నడుమకు వస్తుంది. వెనక నుంచి హారన్‌ మోగుతుంది. ఎవరినని తప్పుపట్టాలి?

మెడ తిరగని మనిషి

హారన్‌ కొట్టినా వెనక్కి చూడనివాడిని పొగరుబోతు అనుకోవడం మామూలే. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్‌ ఉండకూడదు. ఇక్కడి భూగర్భజలాల్లో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగినవారి పళ్లు గారపట్టాయి. కీళ్లు, వెన్నెముక, మెడ బిగుసుకుపోయాయి. ఇంటింటికీ నదీజలాలు అందించే మిషన్‌ భగీరథకు 2015 జూన్‌లో చౌటుప్పల్‌లోనే పైలాన్‌ వేశారు. కొత్త తరానికి కృష్ణమ్మ నీళ్లొచ్చాయి. కానీ ఒకసారి బిగుసుకుపోయిన ఎముక మళ్లీ మామూలు కాదు.

అలాంటి మెడ ఉన్న పెద్దాయన సైకిల్‌ మీద ఉంటే, వెనక ఏ బండి వస్తోందో తల తిప్పి చూడాలన్నా కుదరదు. మొత్తం ఒళ్లు తిప్పాలి. ఒళ్లు తిప్పితే సైకిల్‌ వంకర పోతుంది. అందుకే నేరుగా చూస్తూ తొక్కుతాడు. వెనకున్నవాడేమో 'ముసలోడికి ఎంత పొగరో' అనుకుంటాడు!

ఇంతకూ హారన్‌ అంటే 'నేను వస్తున్నా, జాగ్రత్త' అని చెప్పేందుకే. మన రోడ్ల మీద దాని అర్థం 'తప్పుకో' అని మారిపోయింది. సైకిల్‌ వెనక్కి చేరాక ఒక్కసారిగా బిగ్గరగా మోగిస్తే తొక్కేవాడు ఉలిక్కిపడి ఎటు తిప్పుతాడో అతనికే తెలియదు. కొట్టాల్సి వస్తే దూరం నుంచే, ఒక్కసారి, చిన్నగా. అవసరం లేకున్నా హారన్‌ మోగించడం మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా పడే తప్పే.

సైకిల్‌కు బిళ్ల ఉన్న రోజులు

పాతతరం వాళ్లకు గుర్తుంటుంది.. సైకిల్‌కూ లైసెన్సు ఉండేది. ఏటా పన్ను కట్టి ఇత్తడి బిళ్ల తెచ్చుకోవాలి. చీకటి పడితే కిరసనాయిలు దీపమో, డైనమో లైటో తప్పనిసరి. దీపం లేకుండా వెళ్లినా, ముందు కడ్డీ మీద ఇంకొకరిని కూర్చోబెట్టుకున్నా పోలీసులు పట్టుకునేవాళ్లు. పెళ్లికి సైకిల్‌ పెడితే గొప్పగా చెప్పుకొన్న రోజులవి.

తర్వాత మోపెడ్లు, బైకులు వచ్చాయి. స్తోమత ఉన్నవాళ్లు సైకిల్‌ దిగారు. మిగిలిందెవరు? బండి కొనలేని కూలీలు, బండి నేర్వని వృద్ధులు, లైసెన్సు వయసు రాని పిల్లలు. అంటే రోడ్డు మీద అందరికన్నా బలహీనులు. మరోపక్క బిళ్ల పోయింది, దీపమూ పోయింది. సైకిళ్లు తగ్గేకొద్దీ డ్రైవర్ల కళ్లకు వాటి అలవాటూ తప్పింది.

చట్టం ఎవరి వైపు?

డ్రైవింగ్‌పై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు పాదచారులు, సైకిల్‌దారులు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల విషయంలో డ్రైవర్లు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని చెబుతున్నాయి. అంటే రోడ్డు అందరిదీ, కానీ బాధ్యత పెద్ద బండిది ఎక్కువ.

ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూడాల్సింది డ్రైవరే. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌ ఈ మాట చెబుతూనే, జనాగ్రహం వల్ల కుదరని పరిస్థితిని మినహాయించింది. రోడ్డు మీది కోపాన్ని చట్టం కూడా లెక్కలోకి తీసుకుందన్నమాట! కానీ పోలీసులకు 24 గంటల్లోగా చెప్పి తీరాలి. 'జనం కొడతారని పారిపోయా' అన్న మాట అంతకు మించి పనిచేయదు. కొట్టే చేతులూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దెబ్బల భయంతో డ్రైవర్‌ పారిపోతే నష్టపోయేది రక్తం కారుతున్న మనిషే.

పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా జైలు అంటూ కొత్త న్యాయసంహితలో పెట్టిన నిబంధనపై 2024 జనవరిలో లారీ, ట్యాంకర్‌ డ్రైవర్లు సమ్మెకు దిగారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన వాహనాలు గుర్తున్నాయి కదా? ఆ ఏడాది జులై 1న కొత్త చట్టం వచ్చినా, ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా జైలు మాత్రం ఉంది.

ఇక చేయి చేసుకోవడం సంగతి. 1988 డిసెంబరులో పంజాబ్‌లోని పటియాలాలో రోడ్డు మీద మొదలైన గొడవలో 65 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ కేసులో మాజీ క్రికెటర్‌ నవజోత్‌ సింగ్‌ సిద్ధుకు సుప్రీంకోర్టు ఏడాది జైలుశిక్ష వేసింది 2022 మేలో. ఒక్క నిమిషం కోపం 34 ఏళ్లు వెంటాడింది.

ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సినవి

* సైకిల్‌కు బీమా ఉండదు కాబట్టి పరిహారం రాదనుకోవద్దు. ఢీకొన్న వాహనానికి ఉన్న థర్డ్‌పార్టీ బీమా నుంచి ట్రైబ్యునల్‌ ద్వారా కోరవచ్చు.
* ఢీకొన్న బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్‌ 1 తర్వాతి ప్రమాదాలకు మరణిస్తే రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు పరిహారం ఉంది. ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో అడగండి.
* రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు రూ.1.5 లక్షల వరకు నగదు లేకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది.
* గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చినవాళ్లను కేసుల్లో ఇరికించకూడదని చట్టమే చెబుతోంది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 108కి, హైవే మీదైతే 1033కి ఫోన్‌ చేయవచ్చు.

ఒకటిన్నర మీటరు ఎడం

సైకిల్‌ను దాటేటప్పుడు ఎంత దూరం వదలాలి? ఫ్రాన్స్‌లో ఊళ్లలో మీటరు, ఊరి బయట ఒకటిన్నర మీటరు వదలాలన్నది నియమం. బ్రిటన్‌ 2022 జనవరిలో హైవే కోడ్‌ను మార్చి, ఎక్కువ హాని చేయగల వాహనానిదే ఎక్కువ బాధ్యత అని స్పష్టంగా రాసుకుంది. సైకిల్‌ను దాటేవాళ్లు కనీసం ఒకటిన్నర మీటరు వదలమంది. ఒక మనిషి చేయి బారచాపితే తగలనంత దూరం అన్నమాట. అది పాటించడానికి మనకు వేరే చట్టం అక్కర్లేదు. ఎదురుగా బండి వస్తుంటే సైకిల్‌ వెనక కాస్త నెమ్మదించడం, దారి ఖాళీ అయ్యాక దాటడం.. అంతే.

సైకిల్‌ తొక్కేవారూ కొన్ని చేయాలి. వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్‌ స్టిక్కర్‌ అతికిస్తే రాత్రి చాలా ముందే కనపడతారు. దాని ఖర్చు కొన్ని రూపాయలే. కుడివైపు తిరిగే ముందు చేయి చాపాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలు పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కకుండా ఒకరి వెనక ఒకరు వెళ్లేలా ఇంట్లోనే చెప్పాలి. ఊరికి అండర్‌పాస్‌ కావాలన్నా, సర్వీసు రోడ్డు కావాలన్నా గ్రామసభలో తీర్మానం చేసి రహదారి అధికారులకు పంపాలి. రోడ్డు మీద అరిచే అరుపులో పదో వంతు అక్కడ అరిచినా ఫలితం ఉంటుంది.

నార్కట్‌పల్లి నుంచి హైదరాబాద్‌కు కారులో గంటన్నర. దారిలో ఒక సైకిల్‌ వెనక నెమ్మదించి, జాగా చూసుకుని దాటడానికి పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లు ఇచ్చినవాడు ఆలస్యంగా ఇల్లు చేరడు. ఇవ్వకపోతే మాత్రం ఒక్కోసారి ఇంకొకరు ఇల్లే చేరరు.