నస్కల్ శిలాజములు – సాక్ష్యవిచారము

జిన్నారము పరిసరములందలి గ్రానైటు శిల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. భూగర్భమున ద్రవశిల చల్లారి గట్టిపడగా ఏర్పడినది గనుక అందు శిలాజములు లేవు. ప్రాణుల పూర్వచరిత్రకై మనము నైరుతి దిశగా వికారాబాదు ప్రాంతపు నస్కల్ గ్రామమునకు పోవలెను.

అచ్చట రెండు లావా ప్రవాహముల నడుమ పలుచని అవక్షేపపు పొర కలదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట, ఒక ప్రవాహము చల్లారిన పిమ్మట, నీరు నిలిచి బురద పేరుకొనెను. మరల లావా వచ్చి దానిని కప్పివైచెను. ఇట్టి మట్టిని నానవైచి, సన్నని జల్లెడలలో కడిగి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని క్రింద వెదకుదురు. అచ్చట లభించిన చిన్న దంతముల ఆధారమున జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ 1988లో దక్కనోలెస్టిస్ హిస్లోపీ అను క్షీరదమును వర్ణించిరి. భారతదేశమున క్రెటేషియస్ యుగపు క్షీరదము వెలుగులోనికి వచ్చుట అదియే ప్రథమము. రాక్షసబల్లుల కాలముననే దక్కనులో క్షీరదములు సంచరించెనని దానివలన తేటపడినది.

అయితే మంచినీటి గుల్ల కనబడినంతనే ఆనాడు వానలు మెండని తీర్పు చెప్పరాదు. అది ఆ కుంటకు మాత్రమే సాక్షి. మెట్టసీమలోను కుంట యుండవచ్చును. పుప్పొడి, ప్రాచీనమృత్తికలోని సున్నపు గడ్డలు, గుల్లలలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి – ఈ వేర్వేరు సాక్ష్యములు ఏకీభవించినప్పుడే శీతోష్ణస్థితిని గూర్చి ధైర్యముగా పలుకవచ్చును. తాళపత్రప్రతులను సరిపోల్చి పాఠమును నిర్ణయించు మనకు ఈ నియమము క్రొత్తది కాదు. ఒక్క ప్రతిని నమ్మి పాఠమును దిద్దినవాడును, ఒక్క గుల్లను నమ్మి వాన కురిపించినవాడును చేయు తప్పు ఒకటియే.