1913 ఊరేగింపు: హోవర్డ్ విద్యార్థినుల సంఘం నేర్పే పాఠం

"మహిళలందరి కోసం" అని సాగే ఉద్యమాల్లో మహిళలందరికీ సమానమైన చోటు ఉంటుందా? దళిత మహిళలు ఎన్నాళ్లుగానో అడుగుతున్న ఈ ప్రశ్న 1913లో అమెరికాలోని నల్లజాతి విద్యార్థినులకూ ఎదురైంది. వారి సంఘం డెల్టా సిగ్మా థీటా చరిత్ర మనకు అవసరమని మేం అనుకోవడానికి కారణం ఇదే.

వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీ 1867లో, బానిసత్వం రద్దయిన రెండేళ్లకు మొదలైంది. అప్పట్లో అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో విద్యార్థినుల సంఘాలు ఉండేవి. వాటిని సొరోరిటీలు అంటారు. 1908లో హోవర్డ్ అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా స్థాపించారు. నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న తొలి సొరోరిటీ అదే.

నాలుగేళ్లకు అందులో చర్చ రేగింది. పేరు, గుర్తులు మార్చాలని, సంఘం క్యాంపస్ దాటి ప్రజా సమస్యల్లోకి రావాలని కొందరు కోరారు. ఏకాభిప్రాయం కుదరలేదు. 22 మంది విడిగా 1913 జనవరి 13న డెల్టా సిగ్మా థీటాను స్థాపించారు.

రెండు నెలలైనా నిండకముందే, మార్చి 3న, వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు ఊరేగింపు జరిగింది. దక్షిణాది శ్వేతజాతి మహిళలు దూరమవుతారన్న భయంతో నల్లజాతి మహిళలను విడిగా, వెనక నడిపించాలని నిర్వాహకులు చూశారు. జర్నలిస్టు ఇడా బి. వెల్స్ ఒప్పుకోలేదు. తన ఇల్లినాయ్ రాష్ట్ర బృందంలోనే నడిచారు. డెల్టా విద్యార్థినులూ నడిచారు. దారిలో అల్లరి మూకలు ఊరేగింపుపై పడ్డాయి. కొత్త సంఘం చేసిన తొలి బహిరంగ కార్యక్రమం అదే.

1920లో రాజ్యాంగ సవరణతో మహిళలకు ఓటు వచ్చింది. అయితే దక్షిణాదిలో అక్షరాస్యత పరీక్షలు, ఓటు పన్ను, బెదిరింపులు నల్లజాతి మహిళలను ఓటుకు దూరంగానే ఉంచాయి. ఆ అడ్డంకులను గట్టిగా దెబ్బతీసిన ఓటు హక్కు చట్టం 1965లో గానీ రాలేదు. మూడేళ్ల తర్వాత అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ షిర్లీ చిషోమ్ డెల్టా సభ్యురాలే.

అదే 1913 జులైలో అంబేడ్కర్ చదువు కోసం న్యూయార్క్ చేరారు. 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు లేఖ రాస్తూ అంటరానివారి స్థితికీ, నల్లజాతివారి స్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించారు.

దళిత విద్యార్థినులు సొంత వేదిక పెట్టుకుంటామంటే "ఉద్యమాన్ని చీలుస్తున్నారు" అనే నింద నేటికీ వినిపిస్తుంది. హోవర్డ్ అనుభవం దీనికి జవాబు. సొంత సంఘం పెట్టుకున్నవారు ఉమ్మడి ఊరేగింపును వదిలిపోలేదు. అందులోకి తమ పేరుతో వచ్చారు.