ఊపిరికి కాపలా!

చెమటోడ్చి సంపాదించిన కూలి డబ్బులు ఇంటికొస్తాయి. వాటితోపాటే దుమ్మూ వస్తుంది. డబ్బులు ఖర్చయిపోతాయి. దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది. దాన్ని పనిచేసే చోటే కట్టడి చేసేందుకు ఓ శాస్త్రం ఉంది. అదే ఇండస్ట్రియల్ హైజీన్!

వంటింటి గట్టు మీద అద్దంలా మెరిసే గ్రానైటును చూసి ముచ్చటపడతాం. దాన్ని కోసి, నునుపు చేసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంకర మిల్లుల్లో, ఇసుక అచ్చులతో లోహాన్ని పోతపోసే ఫౌండ్రీల్లోనూ అదే బాధ. వెంట్రుక మందంలో పదో వంతు కన్నా చిన్న రేణువులు ముక్కునూ గొంతునూ దాటి నేరుగా ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. అక్కడ పుండు మానినచోట మచ్చపడ్డట్టు గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. చాలామందిలో పదేళ్లు దాటాకే బయటపడుతుంది. పూర్తిగా నయంచేసే మందు లేదు. ఆయాసం, దగ్గు చూసి క్షయ అని పొరబడటమూ మామూలే. పైగా ఈ జబ్బు ఉన్నవాళ్లకు క్షయ సోకే ముప్పూ ఎక్కువే. సిలికా దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో తేల్చింది.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో అమెరికా చూసింది. వెస్ట్ వర్జీనియాలో 1930లో హాక్స్ నెస్ట్ సొరంగం పని మొదలైంది. నీళ్లు చల్లకుండానే రాయిని తొలిచారు. కూలీలకు మాస్కులూ ఇవ్వలేదు. వందలమంది సిలికోసిస్‌తో చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పొట్టచేత పట్టుకుని వచ్చిన నల్లజాతివాళ్లే.

ముందు కొలత

కంటికి ఆనని శత్రువును కొలిస్తేనే పట్టుకోగలం. అందుకే హైజీనిస్టులు కార్మికుడి నడుముకు బ్యాటరీతో నడిచే చిన్న పంపు కడతారు. కాలరు దగ్గర ఫిల్టరు తగిలిస్తారు. షిఫ్టు అంతా అతను పీల్చే గాలిలోని దుమ్ము అందులో చేరుతుంది. ల్యాబ్‌లో దాన్ని తూచి, సిలికా ఎంతుందో లెక్కకడతారు. అమెరికాలో 2016 నిబంధన ప్రకారం ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు మించకూడదు. అంటే గ్రాములో 20 వేలో వంతు!

మాస్కు ఆఖరున

దుమ్ము అనగానే మాస్కు గుర్తొస్తుంది. హైజీనిస్టుల వరసలో మాత్రం దానిది చివరి స్థానం. వీలైతే సిలికా లేని పదార్థం వాడాలి. కుదరకపోతే కోతపెట్టే చోటే నీళ్లు పడే ఏర్పాటు చేయాలి, లేదా లేచిన దుమ్మును లేచినట్టే పీల్చేసే యంత్రం బిగించాలి. దుమ్ములో ఉండే సమయాన్ని తగ్గించాలి. ఇవన్నీ చేశాక కూడా మిగిలిన దుమ్ముకే మాస్కు. అదీ ముఖానికి సరిగ్గా అతుక్కునేది కావాలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్నటి రేణువులు ఆగవు.

ఇంట్లోవాళ్లూ జాగ్రత్తపడాలి. పని బట్టల్ని దులపకుండా, విడిగా నీళ్లలో నానబెట్టి ఉతకాలి. వీలైతే పనిచోటే స్నానంచేసి, బట్టలు మార్చుకుని రావడం మేలు.

రోగి వస్తే 'నువ్వేం పని చేస్తావు?' అని కూడా అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే తోటి వైద్యులకు చెప్పాడు. ఆ ప్రశ్న డాక్టరు అడిగితే సరే. అడగకపోతే... మనమే చెప్పాలి!