మెదడులో రక్తస్రావం: ఒత్తిడి హార్మోన్లు చెప్పే మాట ఎంత వరకు?

"మనిషి మళ్ళీ లేస్తాడా, డాక్టరు గారూ?" మెదడులో రక్తనాళం చిట్లి స్పృహ తప్పిన రోగిని ఆసుపత్రికి తెచ్చిన ప్రతి కుటుంబమూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. స్కానింగ్‌లో రక్తం ఎంత పేరుకుందో, ఏ భాగంలో పేరుకుందో, రోగి వయసెంతో, స్పృహ ఏ మేరకు ఉందో చూసి వైద్యులు ఒక అంచనాకు వస్తారు. ఈ అంచనాకు మరో ఆధారం దొరుకుతుందా అని శాస్త్రజ్ఞులు కొన్నేళ్ళుగా పరిశోధిస్తున్నారు. ఆ ఆధారం రక్తంలోని ఒత్తిడి హార్మోన్ల మోతాదు.

శరీరం మోగించే గంట

ఒత్తిడి అనగానే మనకు గుర్తుకొచ్చేది మనసులోని దిగులు. శరీరానికి మాత్రం పెద్ద గాయం, తీవ్రమైన జ్వరం, రక్తస్రావం కూడా ఒత్తిడే. హాని చేసే కారణం ఏదైనా శరీరం చాలా వరకు ఒకే తీరున స్పందిస్తుందని హాన్స్ సెల్యీ అనే శాస్త్రజ్ఞుడు 1936లో ప్రకటించాడు.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ప్రమాదం పసిగట్టగానే అది పీయూష గ్రంథిని హెచ్చరిస్తుంది. పీయూష గ్రంథి పంపిన హార్మోను మూత్రపిండాలపై టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులను చేరి కార్టిసాల్‌ను విడుదల చేయిస్తుంది. నరాల ద్వారా వచ్చిన ఆజ్ఞతో అవే గ్రంథులు ఎడ్రినలిన్‌ను కూడా వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు, చక్కెర పెరుగుతాయి.

మెదడులో రక్తస్రావం జరిగినప్పుడు దెబ్బ తగిలేది ఈ ఆజ్ఞలిచ్చే చోటికే. అందుకే హార్మోన్లు కట్ట తెగినట్లు పొంగుతాయి. ఈ ఉప్పెనలో గుండె కండరం సైతం కొంతకాలం బలహీనపడవచ్చు. అంతకు ముందు గుండె జబ్బు లేని రోగికి కూడా ఈసీజీలో తేడాలు కనిపించడానికి ఇదొక కారణం.

పరీక్షలు ఏం చెప్పాయి?

ఆరోగ్యవంతుల్లో కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. తీవ్రమైన రక్తస్రావంలో ఈ లయ చెదిరి, రాత్రి కూడా మోతాదు దిగకపోవచ్చు. పీయూష గ్రంథి నుంచి వచ్చే వాసోప్రెసిన్ కూడా ఒత్తిడి హార్మోనే. అది రక్తంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక కొలవడం కష్టం. దానితోపాటే పుట్టే కోపెప్టిన్ అనే పదార్థం మాత్రం నిలకడగా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వైద్యులు 2010లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, మెదడు రక్తస్రావంతో చేరి మరణించిన వారిలో కోపెప్టిన్ ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

గంటే గాని తీర్పు కాదు

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రక్తం ఎంత ఎక్కువ పేరుకుంటే హార్మోను అంత పెరుగుతుంది. అంటే స్కానింగ్ చెప్పిన సంగతినే హార్మోను చాలా వరకు మరో భాషలో చెబుతోంది. పైగా రక్తం తీసిన వేళను బట్టీ, ఇన్ఫెక్షన్‌ను బట్టీ, ఉబ్బసానికో కీళ్ళ నొప్పులకో వాడే స్టెరాయిడ్ మందులను బట్టీ కార్టిసాల్ అంకె మారిపోతుంది. పదిమంది సగటుకు వర్తించే మాట మంచం మీదున్న ఆ ఒక్కరికీ వర్తిస్తుందన్న హామీ లేదు.

కార్టిసాల్ శరీరానికి రక్ష కదా, ఆ జాతి మందే ఎక్కిస్తే మేలు కాదా అన్న సందేహం రావచ్చు. 1987లో వెలువడిన థాయిలాండ్ అధ్యయనం దీనికి జవాబిచ్చింది. 93 మంది రోగులతో సాగిన ఆ పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు నిలపలేదు సరికదా, ఇన్ఫెక్షన్ల వంటి చిక్కులు పెరగడంతో పరీక్షనే మధ్యలో ఆపవలసి వచ్చింది.

తొందరపాటు నిరాశ వద్దు

అసలు ప్రమాదం మరొకటుంది. తొలి గంటల్లోనే "ఇక లాభం లేదు" అనుకుని చికిత్స తగ్గిస్తే, ఆ నిరాశే నిజమై కూర్చుంటుంది. అందుకే రోగి ముందుగా తన ఇష్టం చెప్పి ఉండకపోతే, చికిత్సను పరిమితం చేసే నిర్ణయాన్ని కనీసం ఆసుపత్రిలో రెండో పూర్తి రోజు గడిచే దాకా వాయిదా వేయమని అమెరికా హృద్రోగ, పక్షవాత వైద్య సంఘాల 2022 మార్గదర్శకాలు సూచించాయి.

ఇంటివారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. హఠాత్తుగా భరించరాని తలనొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా క్షణం ఆలస్యం చేయకుండా స్కానింగ్ సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాడుతున్న మందుల చీటీలు, ముఖ్యంగా రక్తాన్ని పలుచబరిచే మాత్రలవీ, స్టెరాయిడ్లవీ డాక్టరుకు చూపాలి. రోగి కోలుకుని ఇంటికొచ్చాక నెలల తరబడి విపరీతమైన నీరసం, కళ్ళు తిరగడం వేధిస్తుంటే అది సోమరితనమని విసుక్కోకండి. కొందరిలో పీయూష గ్రంథి దెబ్బతిని కార్టిసాల్ తగ్గిపోతుంది. ఉదయం పూట చేసే రక్తపరీక్ష ఆ అనుమానాన్ని తేల్చడానికి తోడ్పడుతుంది, దానికి మందూ ఉంది.

తొలి రోజున హార్మోను అంకె చెప్పేది దెబ్బ ఎంత పెద్దదన్నదే. మనిషి లేచేదీ లేవనిదీ ఆ ఒక్క అంకెను చూసి తేల్చుకోకండి.